పొయ్యిబల్ల

"ఎండెక్కిపోతంది. ఎప్పుడవుద్దయ్యా నీ బల్ల?" వంటింటి గుమ్మంలోంచి సింహాచలమ్మ కేకేసింది.

తవిటయ్య తలెత్తలేదు. పెరట్లో గొంతుక్కూర్చుని పాత పెట్టెచెక్కకు చిత్రిక పడుతున్నాడు.

"ఆడు అడిగినన్నాళ్లూ సెయ్యి రానేదు. ఇయ్యాల నున్నగా సిత్రిక పడతన్నాడు మారాజు!"

మొగుడు చెక్కను తిరగేసి రెండో వైపు పట్టాడు.

చెక్కలు కొడుకు చినబాబు తెచ్చినవే. కార్ఖానాకు మిషన్లు వచ్చిన పెట్టెలు విప్పి తుక్కు కింద అమ్మేస్తే, సైకిలు మీద మోసుకొచ్చి కార్ఖానా కాలనీ బారిడీహ్‌లో తమ క్వార్టరు గోడకు ఆనించాడు. ఏ బంగళా తోటలోనో చూశాడట. ఆరుబయట నడుమెత్తు బల్ల. మధ్యన బొగ్గుల పళ్లెం, దాని మీద ఇనప చువ్వలు. చుట్టూ నిలబడి కోడిని కాల్చుకు తినడం.

"నాన్నా, ఒక్క ఆదివారం కూకుంటే అయిపోద్ది. నీకు రంపం పని వచ్చు గదా."

"పొయ్యికి బల్లేట్రా? రేపు పరుపు కూడా అడుగుతావు దానికి. మనం దొరలమేటి?" అని తవిటయ్య నవ్వాడు.

మళ్లీ అడిగితే నవ్వలేదు, తిట్టాడు. పైగా ముసురు పట్టిన రోజుల్లో సగం చెక్కలు నీళ్లపొయ్యిలో పెట్టేశాడు. ఆ పూట చినబాబు కంచం ముందు నుంచి లేచిపోయాడు. పోతే పొమ్మన్నాడు తవిటయ్య.

నిన్న మాత్రం విస్తట్లో తన చేత్తోనే పెట్టాడు. నెయ్యి వేశాడు. "తినరా బాబూ" అని బతిమాలాడు. చుట్టాలు, షిఫ్టు వాళ్లు, అంతా చూస్తూనే ఉన్నారు. పెట్టింది పెట్టినట్టే ఉండిపోయింది. పొద్దు వాలుతుంటే సింహాచలమ్మే అందరి ముందూ అనేసింది.

"ఆడికి బల్ల కావాల. అది సేత్తేగాని ముట్టడు."

"సేత్తాన్రా," అన్నాడు తవిటయ్య.

గోడ మీంచి పక్క క్వార్టరు సవరయ్య తొంగి చూశాడు.

"నాలుగిటికలు పేర్చి కాల్చేద్దాం అన్నా. బల్లుందో నేదో ఎవులు సూడొచ్చారు?"

"ఆడు సూత్తాడు."

సవరయ్య గోడ దూకి వచ్చి కోళ్లు పట్టుకున్నాడు.

చెక్కలు చాలలేదు. కాల్చేసిన సగం ఎక్కడి నుంచి వస్తుంది? తవిటయ్య లోపలికెళ్లి తన మంచం పట్టెలు ఊడదీసి తెచ్చాడు. కోశాడు. మేకులు దిగ్గొట్టాడు. మధ్యన కంత చేసి, చెక్క అంటుకోకుండా రేకు పరిచి, ఇటికలు పేర్చాడు. సుత్తి వేలి మీద పడింది. రక్తం తువ్వాలుకు తుడుచుకున్నాడే గాని ఆగలేదు.

బయట రాజ్‌దూత్ మోటారుసైకిలు చప్పుడైంది. చినబాబుతో ఒకే షిఫ్టులో పనిచేసిన ధర్మరాజు బొగ్గుల బస్తా దించాడు. "కోయ్‌లా లే ఆయా, చాచా."

నిప్పు రాజుకుంది. ఉప్పూ కారం పట్టించిన కోడి చువ్వల మీద చిటపటలాడింది. వాసన వీధి చివరి దాకా పోయింది. చినబాబు స్నేహితులంతా వచ్చి, వాడు ఎప్పుడూ చెప్పినట్టే, బల్ల చుట్టూ నిలబడ్డారు.

తవిటయ్య బల్లను రెండు చేతులా ఊపి చూశాడు. కదల్లేదు. బాగా కాలిన ముక్క ఒకటి తీసి, ఆకులో పెట్టి, బల్ల చివర ఉంచాడు.

"తప్పయిపోనాది నాన్నా. తిను."

అందరూ వెనక్కి జరిగారు. సింహాచలమ్మ గుమ్మం పట్టుకుని కళ్లు మూసుకుంది.

నిన్న చినబాబు పిండం మీద వాలని కాకి, గోడ దిగి వచ్చి, ఆ ముక్కను ముక్కున కరుచుకుంది.