శుక్రవారం పదకొండూ నలభై ఏడు

“ఇంకా పలకలేదా నీ పాము?” అన్నాడు నిర్మాత వీరరాఘవయ్య, ఫిలింనగర్ ఆఫీసులో గడియారం వంక చూస్తూ.

“జాబు పిలుస్తూనే ఉందండీ. స్క్రిప్టే అందుకోవడం లేదు,” అన్నాడు శ్రీకృష్ణ, లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

ఆ ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఉద్యోగం అతనిది. పంచాంగం లెక్కలు కట్టే స్క్రిప్టు పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఉంది; వీరరాఘవయ్య నోట్లో అది పాము. దాన్ని పిలవాల్సిన జాబు, అంటే టైముకి దానంతటదే నడిచే ప్రోగ్రాము, జావా అనే మరో భాషలో రాసింది. ఎక్కడో క్లౌడ్‌లో, ఎవరూ ముట్టుకోకుండా తెర వెనక నడుస్తుంది. అది దీన్ని పిలవాలి, ఇది ముహూర్తం చెప్పాలి, ఆ ముహూర్తం వీరరాఘవయ్య ఫోనుకు చేరాలి. ఇదంతా వివరిస్తే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

“తమిళ డైరెక్టరు, ముంబై హీరోయిను. మధ్యలో మాట చెప్పేవాడు రాలేదు. అంతేగా?”

“అంతేనండీ.”

“చూడు, ఆదినారాయణ సిద్ధాంతిగారికి ఈ బాధల్లేవు. పిలిస్తే ఆయనే వచ్చేస్తారు.”

సోఫాలో కళ్లు మూసుకుని జపం చేసుకుంటున్న సిద్ధాంతి చిన్నగా నవ్వారు. కొత్త సినిమాకు ఆయన పెట్టిన ముహూర్తం, పసుపు రాసి అంటించిన కవర్లో, బల్ల మీద ఉంది.

“ఆరు సినిమాలయ్యా! ఆయన పెట్టిన ఏ ముహూర్తానికీ మన హీరోగారు నిమిషం ఆలస్యం కాలేదు. మిగతా రోజుల్లో ఊరందరినీ ఎండలో నిలబెట్టే మనిషి! దైవబలం కాకపోతే ఏంటది?”

ఆ ఆరింట్లో ఐదు ఆడలేదన్న సంగతి గదిలో ఎవరికీ గుర్తు రాలేదు.

“ఐదింటి లోపు నీ కంప్యూటరు మాట ఈ కవరుతో కలిసిందా, సరే. లేదంటే కంప్యూటరూ నువ్వూ కలిసి ఇంటికి.”

శ్రీకృష్ణ మోతీనగర్‌లో కొత్తింట్లో దిగి నెల కూడా కాలేదు. మళ్లీ కూర్చున్నాడు. జాబు నడిచే చోట అసలు పైథానే లేదు. పెట్టాడు. ఈసారి పిలుపు అందింది గానీ, పంచాంగం ఫైలు ఎక్కడుందో స్క్రిప్టుకు తెలియలేదు. దారి చూపించాడు. ఖాళీ జవాబు వచ్చింది. జాబు మాత్రం పచ్చరంగులో ‘సక్సెస్’ అని చూపించింది. మొదటి వారమే తీసేసిన సినిమాకు సక్సెస్ మీట్ పెట్టే వీధిలో, దానికి మాత్రం సిగ్గెందుకు?

పావుగంట మిగిలింది. అతను బాల్కనీలోకి వెళ్లి హీరో మేనేజరు జేవియర్‌కు ఫోన్ చేశాడు. ఇక టైము తనే రాసేయాలి, ఏది రాసినా తప్పే. కనీసం హీరో రాగలిగే తప్పయితే తిట్లు తగ్గుతాయి.

“కొత్త సినిమా ఓపెనింగుకి సార్ ఎప్పుడు ఖాళీ అండీ?”

“మీ ఆఫీసువాళ్లకి ఎన్నిసార్లు చెప్పాలండీ? శుక్రవారం పదకొండూ నలభై ఏడుకి కొబ్బరికాయ. యాభై ఐదుకి కారెక్కాలి. ఆపైన జిమ్ము.”

శ్రీకృష్ణ లోపలికొచ్చి పైథాన్‌ను పిలిచే లైను తీసేశాడు. దాని చోట ఆ వారం, ఆ టైము నేరుగా రాసేశాడు. “ఈ ఒక్కసారికి చూడనట్టుండు స్వామీ” అని గోడ మీది వెంకన్న పటానికి దణ్ణం పెట్టి జాబు నడిపాడు.

వీరరాఘవయ్య ఫోను మోగింది. ఆయన అది చదివి, కవరు చించి, కాగితం చదివి, మళ్లీ ఫోను చదివి కుర్చీలో కూలబడ్డాడు.

“శుక్రవారం పదకొండూ నలభై ఏడు! నిమిషంతో సహా! సైన్సూ శాస్త్రమూ ఒకటేనయ్యా! నువ్వు ఉండు. సిద్ధాంతిగారూ, మీరూ ఉండండి!”

శ్రీకృష్ణ మాత్రం గోడ మీది పటం వంక మళ్లీ చూశాడు. తను రాసింది దొంగలెక్క. సిద్ధాంతిగారు గ్రహాలు చూసి రాశారు. రెండూ కలిశాయంటే, తన చేత ఆ ఫోను చేయించింది కూడా పైవాడేనా? ఇన్నాళ్లూ ఆ పెద్దాయన్ని ఎంత చులకనగా చూశాడు!

మెట్ల దగ్గర పరుగున అందుకుని, సిద్ధాంతి కాళ్లకు దణ్ణం పెట్టాడు.

“క్షమించండి. నా స్క్రిప్టు పలకనే లేదు. జేవియర్‌ని అడిగి రాసేశాను. మీరు ఆ నిమిషం ఎలా పట్టుకున్నారండీ?”

సిద్ధాంతి చెప్పులు వేసుకుంటూ, వెనక తలుపు మూసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నారు.

“నేనూ జేవియర్‌నే అడుగుతాను నాయనా.”