చెలమ నీళ్లు

ఫ్యాక్టరీ జీపు తండాలోకి వచ్చేసరికి కుక్కల కంటే ముందు రూప్లా అరిచాడు.

"మళ్లొచ్చిండు, నీళ్ల సారు!"

జీపు దిగినవాడి పేరు రవీందర్. సన్నగా, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. భుజాన లాప్‌టాప్ సంచి, చేతిలో ఖాళీ క్యాను. టేకులపల్లి అడవి అంచున ఉన్న ఊళ్లన్నీ తిరిగి బావుల నీళ్లు పట్టుకుపోవడం అతని పని.

రూప్లా భార్య కమ్లి చెంబు నీళ్లు తెచ్చిచ్చింది.

"బావియేనా అమ్మా?"

"అవ్ సారూ, బావియే," అంది కమ్లి, మొగుడి కళ్లలోకి చూస్తూ.

అవి బావివి కావు. వాగు ఇసుకలో తవ్విన చెలమవి. ఎండాకాలం నుంచి బావి నీళ్లు చేదెక్కాయి, వాటితో పప్పు ఉడకడం లేదు. వచ్చినవాళ్ల చేతికి ఆ నీళ్లు ఇవ్వడం పరువు తక్కువ.

రవీందర్ మంచం మీద లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద నీలం రంగు, పైన ఒక ఎర్రటి మచ్చ.

"గిది ఫ్యాక్టరీ మురుగు చెరువు. గిది మీ తండా. నేల లోపల కూడ నీళ్లు నడుస్తయి రూప్లన్నా. నెమ్మదిగ నడుస్తయి. చెరువుల ఉన్న విషాన్ని వెంట తీసుకొస్తయి."

ఒక మీట నొక్కాడు. ఎర్ర మచ్చ కదిలింది. కట్ట కింద ఎప్పుడో ఖాళీ అయిన కోయగూడేన్ని ముంచేసి, తండా అంచు దాకా పాకింది.

"చెరువు కట్ట ఎత్తు పెంచుతమంటున్నరు. పెంచితే ఇంకా జల్దీ వస్తది."

రూప్లాకు ఒళ్లు మండింది. మర్నాడే కల్లూరు వైపు నుంచి వీరన్నను చూసుకోవడానికి పిల్ల తరఫువాళ్లు వస్తున్నారు. ఉన్న ఒక్క కొడుకు. ఇంతకు ముందు రెండు సంబంధాలు నీళ్ల మాట వినే వెనక్కి పోయాయి.

"మీ డబ్బాల మా బావిని ఎర్రగ జేస్తే ఈ తండాకు పిల్లనెవరిస్తరు సారూ? ఆ కట్ట కింద గూడెంల లచ్చయ్య అని ఒకాయన ఉండెనంట. ఆయన కొడుకును జూడొచ్చినోళ్లు నీళ్లు నోట్ల వోసుకొని, ఉమ్మేసి ఎల్లిపోయిన్రంట. మా వీరన్నకు గట్ల గావొద్దు."

రవీందర్ చెంబు ఎత్తి మిగిలిన నీళ్లు మెల్లగా తాగాడు.

"జీపుల తిరిగెటోనికి మా నీళ్ల బాధ ఏం తెలుస్తది?" అన్నాడు రూప్లా.

రవీందర్ చెంబు కింద పెట్టాడు. లాప్‌టాప్ మూస్తూ ఇంతే అన్నాడు.

"ఇది లెక్కనే అన్నా. లెక్క అబద్ధమాడొచ్చు, నీళ్లు ఆడవు. బావి నీళ్లు మంచిగుంటే నా లెక్కనే మార్చుకుంట."

అన్ని ఊళ్ల నీళ్లూ ఒకే పొద్దున పట్టాలి. అతనేమో ఒక్కడు. అందుకే ప్రతి ఊళ్లోనూ ఒక పెద్దమనిషిని నమ్మి క్యాను వదిలి వెళ్తాడు. ఈ తండాలో ఆ పెద్దమనిషి రూప్లా.

జీపు వెళ్లగానే రూప్లా క్యాను కమ్లి చేతిలో పెట్టాడు.

"చెలమకు వోయి నింపుకరా."

"మోసం గాదా?"

"ఫ్యాక్టరోన్ని మోసం జేస్తే పాపమేంది?"

ఆ తర్వాత కూడా క్యాను వచ్చినప్పుడల్లా చెలమకే వెళ్లింది. ఆఖరిసారి వచ్చినప్పుడు రవీందర్ మంచం మీద కూలబడ్డాడు.

"మీ నీళ్లు మంచిగున్నయి రూప్లన్నా. నా లెక్కనే తప్పింది. ఎక్కడ తప్పిందో ఎంత ఎతికినా దొరుకుతలేదు."

తెర మీద ఎర్ర మచ్చ ఇప్పుడు గూడెం దగ్గరే ఆగిపోయింది. రూప్లా మీసాల చాటున నవ్వుకున్నాడు. కమ్లికి మాత్రం ఆ ముఖం చూస్తే జాలేసింది.

మళ్లీ అతను రాలేదు.

వీరన్న పెళ్లయింది. కోడలు సంగీత కాపురానికొచ్చింది. అవతల చెరువు కట్ట లేచింది.

ఆ పై వానాకాలానికి బావి నీళ్లను పశువులు కూడా మూతి పెట్టి వదిలేశాయి. పిల్లల ఒళ్లంతా దద్దుర్లు. కడుపుతో ఉన్న సంగీత బిందె పట్టుకుని చెలమకు నడిచేది. ఎండలు ముదిరాక చెలమా ఎండిపోయింది.

తండా అంతా కాలుష్య నియంత్రణ ఆఫీసుకు వెళ్లి మొత్తుకుంటే ఒక ఆఫీసరు వచ్చింది. పేరు భార్గవి. బావి నీళ్లు చేతిలో పోసుకుని వాసన చూసి పారబోసింది.

"ఆ ఫ్యాక్టరీ రవీందర్‌ను తోలుకరాండ్రి మేడం," అన్నాడు రూప్లా. "గీ నీళ్లు ఆయనతోని తాపిస్త."

"ఆయన ఫ్యాక్టరీ మనిషని ఎవరు చెప్పారు?"

"ఫ్యాక్టరీ జీపులనే వచ్చెగద?"

"ఈ అడవిలోకి ఇంకే బండి వస్తుంది? ఆయన మా ఆఫీసే. కట్ట పెంచితే ఈ తండా బతకదని కొట్లాడింది ఆయనొక్కడే. అందరూ తిట్టినా కట్ట లేవనివ్వలేదు. చివరికి మీ బావి నీళ్లు శుభ్రంగా వచ్చేసరికి, మీటింగులో తనే లేచి తన లెక్క తప్పని ఒప్పుకున్నాడు."

రూప్లా కమ్లి వైపు చూడలేకపోయాడు.

"ఇప్పుడేడున్నడు మేడం?"

"ఉద్యోగం మానేశాడు. లెక్క రానివాడికి ఈ పనెందుకన్నాడు. ఎక్కడున్నాడో తెలీదు."

"ఆయనది... ఏ ఊరు?"

భార్గవి కట్ట వైపు చెయ్యి చూపించింది.

"దాని కింద ఖాళీ అయిన గూడెం ఉందే, అక్కడి లచ్చయ్య కొడుకు."