ఎబినేజర్ పాతిన కుండలు

మార్చి పదకొండో తేదీ. జైపాల్‌రావు జొన్నరొట్టెను ఉల్లిగడ్డ కారంలో అద్దుకుని రెండో ముక్క నోట్లో పెట్టుకోబోతుండగా, గోడ అవతల గడ్డపార చప్పుడు వినబడింది. భార్య పోయాక కరీంనగర్ శివారులోని ఈ అద్దె ఇంటికి వచ్చి ఆయనకు ఎనిమిది నెలలైంది. పక్కింట్లో బీడీలు చుట్టుకునే రోజారాణి, ఆమె కూతురు ఆరాధన తప్ప వేరెవరినీ చూడలేదు.

చెయ్యి కడుక్కుని గోడ మీంచి తొంగిచూశాడు. బక్కపలచని మనిషి ఒకడు మోకాటిలోతు గుంటలో నిలబడి తవ్వుతున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"నమస్తే సార్. ఎబినేజర్‌ను. ఆరాధన వాళ్ల బాపును. రాత్రే వచ్చిన."

"ఓహో! ఇన్నొద్దులు దుబాయిల ఉన్నవా?"

ఆ వాడలో ఇంటికొకరు దుబాయిలో ఉన్నవాళ్లే. ఎబినేజర్ నవ్వి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. వసారాలో రోజారాణి తలెత్తకుండా బీడీలు చుడుతూనే ఉంది.

"ముప్పై రోజులు సెలవిచ్చిండ్రు సార్. నేను పోయేలోపట ఈళ్లకు కూరగాయల తోట నిలవెట్టాలె. దినాం చారు నీళ్లతోనే తింటున్నరట."

"గీ ఎండలనా? నల్లా దినం తప్పి దినం వస్తది. అదీ గంటసేపు."

"నేనున్న కాడ గంత గూడ రాదు సార్."

దుబాయి నుంచి వచ్చేవాళ్లు సెంటు సీసాలు, దుప్పట్లు తెస్తారు. ఈ మనిషి కాగితం పొట్లాల్లో తోటకూర, పుంటికూర, బీర, గోరుచిక్కుడు గింజలు తెచ్చుకున్నాడు. ఆ ఒక్క సంగతికే జైపాల్‌రావుకు అతనంటే ఇష్టం కలిగింది.

రెండు రోజుల్లో ఆ పెరట్లో పదకొండు మట్టికుండలు మూతి దాకా భూమిలో దిగాయి. వాటి చుట్టూ గింజలు పడ్డాయి. కుండలో పోసిన నీళ్లు మెల్లగా చెమర్చి వేళ్లకే అందుతాయి. పై మన్ను పొడిగానే ఉంటుంది, ఎండకు చుక్క దక్కదు. జైపాల్‌రావు ముచ్చటపడి, తన వంతుగా బజారు నుంచి పువ్వుల బొమ్మలు వేసిన రంగు కుండలు రెండు తెచ్చి గోడ మీద పెట్టాడు.

"మస్తుగున్నయి సార్. మీ ఇంట్ల షోకుకు పెట్టుకోండ్రి."

"ఏం, పనికిరావా?"

"రంగేసిన కుండకు చెమట పట్టది సార్. చెమట పట్టనోడు తోటల ఏం పనికొస్తడు?"

రోజారాణి పకపకా నవ్వింది. "పెద్దమనిషిని గట్లంటవా? సిగ్గుండాలె!"

"అననియ్యమ్మా," అన్నాడు జైపాల్‌రావు. "ముప్పై ఏండ్లు కాలేజీల వృక్షశాస్త్రం చెప్పిన. గిది నాకు తట్టలే."

"దుబాయిల గూడ గిట్లనే కుండలు పాతుతరా బాపూ?" అంది ఆరాధన.

"నేనున్న కాడ పాతుతరు బిడ్డా."

సెలవులో ఇరవయ్యో రోజున వాడ మొత్తానికి నల్లా బందయింది. మోటారు కాలిందన్నారు. నాలుగు రోజులు వడగాలి. తోటకూర వాలిపోయింది. బీర ఆకులు ముడుచుకున్నాయి. జైపాల్‌రావు ఉండబట్టలేక తన బోరు పైపును గోడ మీంచి వేశాడు. ఎబినేజర్ దాన్ని రెండు చేతులతో తీసి తిరిగి ఇచ్చాడు.

"మీ మనసు పెద్దది సార్. కని మీ పైపుతోటి నిలవడితె అది మీ తోట. రేపు మీరు ఊరికి పోతె ఎట్ల? నేను గీడ ఉండనాయె."

స్నానం నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు వడగట్టి కుండల్లో పోయించాడు. రోజారాణి పాత చీరలు రెండు పందిరిగా కట్టాడు. బీడీలకు కత్తిరించగా మిగిలిన తునికాకు ముక్కల్ని ఆమె పారబోయబోతుంటే గంప పట్టుకున్నాడు.

"ఏందే, దుప్పటిని పారబోస్తున్నవ్?"

"చెత్తయ్యా అది!"

"మనకు చెత్త. భూమికి దుప్పటి."

ఆ ముక్కల్ని మొక్కల మొదళ్లలో మందంగా పరిచాడు. ఐదో రోజు నల్లా వచ్చేసరికి ఒక్క మొక్క కూడా చావలేదు. జైపాల్‌రావు ఉదయం లేచి వాటిని చూస్తూ చాలాసేపు గోడ దగ్గరే నిలబడ్డాడు. తాగాల్సిన చాయ్ చల్లారిపోయింది.

ఇరవై ఐదో రోజు నుంచి ఎబినేజర్ తోటలో దేన్నీ ముట్టలేదు. వసారాలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"తప్పు పోస్తున్ననా? చెప్పు బాపూ!" ఆరాధన చెంబు పట్టుకుని కసిరింది.

"చెప్ప. నేను పోయినంక ఎవలు చెప్తరు? కుండల చెయ్యి పెట్టి నువ్వే చూడు."

తల్లీకూతుళ్లు నాలుగుసార్లు పొరపడ్డారు, నాలుగుసార్లు దిద్దుకున్నారు. ఇరవై తొమ్మిదో రోజున కోసిన తోటకూరతో పప్పు వండి, ఒక గిన్నె గోడ మీంచి అందించారు. ఒంటరిగా తినే ఇంట్లో ఆ రోజు జైపాల్‌రావు రెండోసారి అన్నం పెట్టుకున్నాడు.

ఏప్రిల్ తొమ్మిదిన ఎబినేజర్ చిన్న సంచీతో బయలుదేరాడు. ఆరాధన ఏడవలేదు. బీర తీగ దగ్గర నిలబడి మొగ్గలు లెక్కపెట్టి చూపించింది. వద్దన్నా వినకుండా జైపాల్‌రావు అతన్ని స్కూటరు ఎక్కించుకున్నాడు.

"ఇంకో పది రోజులుంటె బీరకాయ తిని పోతుంటివి. సార్లను అడగకపోయినవా?"

"ఇచ్చిన కాడికే దండం సార్. మాట తప్పితె నా వెనకొచ్చేటోళ్లకు సెలవియ్యరు."

ఊళ్లోకి వచ్చాక ఒక పెద్ద గోడ పక్కన ఆపమన్నాడు.

"బస్టాండు ఇంక ముందుకుంది కదా?"

"నేను దిగేది గీడనే సార్. తోటను జర చూస్తుండుండ్రి. నీళ్లు మాత్రం పోయకుండ్రి."

జైపాల్‌రావు నవ్వాడు. ఎబినేజర్ రెండు చేతులూ జోడించి, గోడ వెంట నడిచి, చీకటి పడకముందే లోపలికి అడుగుపెట్టాడు.

వార్డరు అతని పేరు రాసుకుని, ఆ రాత్రికి జైలు తలుపు మెల్లగా మూశాడు.