ఆర్గన్ బల్ల

"నేను తలూపాకే తిప్పాలి. తొందరపడ్డావంటే పాట మంటగలుస్తుంది," అన్నారు మాస్టారు.

"అలాగేనండీ," అన్నాడు ఆ మనిషి.

అతనెవరో మాస్టారికి తెలియదు. పాటల సాధన కోసం చర్చి తలుపు తీయడానికి వస్తే, వరండాలో ట్రంకుపెట్టె మీద కూర్చుని కనిపించాడు. నలభై దాటిన వయసు, వెలిసిపోయిన చొక్కా, కుట్లు వేయించిన చెప్పులు. పాస్టరుగారిని కలవాలన్నాడు. ఆయన పొరుగూరి ప్రార్థన కూటాలకు వెళ్ళారు, ఆదివారం ఆరాధన వేళకు గాని రారు. అతనింకా ఏదో చెప్పబోయాడు గాని మాస్టారు చెవిన వేసుకుంటేగా! ఊరికే కూర్చోవడం దేనికి, కాస్త పేజీలు తిప్పిపెట్టమని లోపలికి లాక్కొచ్చారు.

ఇన్నాళ్ళూ ఆ పని ఆయన భార్యది. ఆవిడకు చూపు మందగించింది. మాస్టారి వేళ్ళు కూడా మునుపటిలా లేవు. ఆర్గన్ వాయించడానికే నానా తంటాలు పడుతున్నాయి, ఇక పేజీలేం తిప్పుతాయి?

మొదటి పేజీ అతను ముందే తిప్పేశాడు.

"నా తల ఊగిందా?" అని కస్సుమన్నారు మాస్టారు.

అతను తప్పయిందన్నాడు. ఆ తర్వాత మాస్టారి తల మీదినుంచి చూపు మరల్చలేదు.

సాధన అయ్యాక మాస్టారు మనసు విప్పారు. కొత్త మనిషి దొరికితే ఆయన నోరు ఊరుకోదు. చర్చిల పెద్ద ఆఫీసు వాళ్ళు తన స్థానంలోకి ఇంకెవరినో పంపుతున్నారట. సోమవారం నుంచి ఈ బల్ల మీద ఆ అబ్బాయిగారే కూర్చుంటారట. బాగా చదువుకున్నవాడట, దిగితే కారులోనే దిగుతాడట. వాడి కోసం చర్చి వెనక గదికి సున్నం కూడా వేయించారు.

"రానీ నాయనా," అని మాస్టారు గొంతు తగ్గించారు. "ఇదిగో, ఆర్గన్ మీద ఈ నల్లమెట్టు చెమ్మకు పట్టేస్తుంది. వేలితో పక్కకు నెడితేగాని పైకి లేవదు. ఆ సంగతి వాడికి చచ్చినా చెప్పను. మొదటి పాటకే అందరి ముందూ తెల్లమొహం వేయాలి."

అతను ఆ మెట్టును వేలితో తాకి చూశాడు.

పడుకోవడానికి చోటడిగితే, వెనక గది వచ్చేవాడిదని, వరండాలోనే సర్దుకోమని చెప్పారు మాస్టారు. అతను సరేనని పెట్టె గోడవారకు జరుపుకున్నాడు. మర్నాడంతా మాస్టారు పని పురమాయిస్తూనే ఉన్నారు. బెంచీలు తుడవమంటే తుడిచాడు, పాటల పుస్తకాలు సర్దమంటే సర్దాడు.

ఇంట్లో భార్య ఆయన గొణుగుడంతా విన్నది.

"జీవితమంతా 'నీ చిత్తమే కానీ' అని మా అందరిచేతా పాడించారు. మీ వంతు వచ్చేసరికి మింగుడుపడటం లేదా?" అంది.

మాస్టారు కంచం పక్కకు నెట్టి లేచారు.

ఆదివారం చర్చి నిండిపోయింది. ఆయనకదే ఆఖరి ఆరాధన. చివరి పాటకు వచ్చేసరికి మాస్టారి గుండె చెరువైంది. కళ్ళ నిండా నీళ్ళు, ఎదుట ఉన్నదంతా అలుక్కుపోయింది. తలూపడం మాట దేవుడెరుగు, తల ఎత్తడమే చేతకాలేదు. అలవాటు కొద్దీ వేళ్ళు నడుస్తున్నాయంతే.

రెప్పలార్పి చూసేసరికి, వాయించవలసిన పేజీ కళ్ళముందు సిద్ధంగా ఉంది. ఆ తర్వాతిదీ అంతే. పాట ఎక్కడా ఆగలేదు.

"క్షమించండి మాస్టారూ, మీరు తలూపకుండానే తిప్పాను," అన్నాడతను పాట అయ్యాక.

మాస్టారు అతని చేయి పట్టుకున్నారు. ఒకరి పక్కన నిలబడి పేజీలు తిప్పడం చిన్నతనం అనిపించలేదా అని అడిగారు.

"పాట సాగింది కదండీ, అది చాలు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఆ దేవుడే చూసుకుంటాడు. నిలబెట్టిన చోట నిలబడటమే మన పని."

ఆ మాట మాస్టారికి ఎక్కడో తగిలింది. అందరూ వెళ్ళాక ఖాళీ చర్చిలో మోకరించారు. ఇన్నేళ్ళూ జనం చేత పాడించిన మాటను మొదటిసారి తన కోసం అన్నారు. నీ చిత్తమే కానీ తండ్రీ అన్నారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు కూడా. లేచేసరికి మనసు తేలికపడింది.

బయటికి వస్తే, అతను పాస్టరుగారి గదిలోంచి వచ్చి పెట్టె భుజానికెత్తుకుంటున్నాడు.

"వచ్చిన పని అయిందా నాయనా?"

"అయిందండీ."

"నేనూ ఒకటి అనుకున్నాను. రేపు వచ్చేవాడికి ఆ మెట్టు సంగతి దగ్గరుండి చూపిస్తాను."

అతను ఆగి, మాస్టారి మొహంలోకి చూశాడు. "చాలా సంతోషం మాస్టారూ," అన్నాడు. వందనం చేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఆర్గన్ శుభ్రంగా తుడిచారు. వెనక గది కిటికీలు తెరిచి, కూజా నిండా మంచినీళ్ళు పోసి పెట్టారు. ఆర్గన్ తాళంచెవి తీసుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్ళారు. కొత్తాయన ఎన్నింటికి వస్తాడో చెబితే ఎదురెళ్తానన్నారు.

పాస్టరుగారు ఆ తాళంచెవిని మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టారు.

"ఇక రాడు మాస్టారూ. మీరున్నంతకాలం ఆ బల్ల మీదేనన్నాడు. తనను ఇంకెక్కడికి పంపినా సరేనని పెద్ద ఆఫీసుకు చెప్పుకుంటానన్నాడు."

మాస్టారు చేతిలోని తాళంచెవి వైపు చూశారు.

"నేను వాయించడం ఒక్కసారైనా వినకుండానే?"

"విన్నాడండీ," అన్నారు పాస్టరుగారు మెల్లగా, "మీ పక్కనే నిలబడి, పేజీలు తిప్పుతూ విన్నాడు."