ఊడ్చిన చేను

నేల పరీక్షకు వచ్చిన శంషాద్ చేనిలో రెండోసారి గుచ్చిన కడ్డీ కూడా మూగగానే నిలబడింది. మట్టిలో వానపాముల సడి వింటే దానికి పచ్చదీపం వెలుగుతుంది. అప్పుడే హనుమక్క వేరుశనగకు 'ప్రాణమున్న నేల' ముద్ర పడుతుంది. ముద్ర లేని కాయను ఇప్పుడు ఏ సంతలోనూ ముట్టరు.

మూడేళ్లుగా ఆమె మందు చల్లలేదు, మడక కట్టి దున్నలేదు. చేనంతా ఆకూ అలమూ కప్పి కాపాడుకుంది.

"ఇంగొక్కసారే గుచ్చేది పెద్దమ్మా. యాడ గుచ్చమంటావో నువ్వే చెప్పు," అంది శంషాద్. "ఇదీ పలకకపోతే మళ్లా మూడేండ్లు ఆగల్ల. అయినా పోయిన నెల నేను చూసినప్పుడు చేను మీదున్న కసువంతా యాడపాయ?"

హనుమక్క చేని మూలకు చూపించింది. "నువ్వొస్తావని మొన్న నేనే ఊడ్చి మూలకేస్తి. మనిషొస్తాంటే వాకిలి ఊడ్చుకోమా?"

"అయ్యో! ఈ ఎండకు వానపాములు వట్టి నేలలో ఉంటాయా?"

హనుమక్క కడ్డీ లాక్కుని, చేని మూలనున్న కసువు కుప్ప దగ్గరికి పరిగెత్తింది. ఆకులు తొలగించి దాన్ని మట్టిలోకి దించింది. దీపం ఒకసారి మినుకుమని ఆరింది. మళ్లీ మినుకుమంది. ఆపైన పచ్చగా నిలిచింది.

శంషాద్ కేక పెట్టింది. హనుమక్క మాత్రం దీపం వైపు చూడనే లేదు. తొలగించిన కసువును గబగబా మళ్లీ కప్పుతోంది, మట్టికి ఎండ తగలకుండా.