తారీఖు పక్కానేనా?

“తారీఖు పక్కానేనా కాకా?”

జమున మామూలుగానే అడిగింది. కానీ వామనరావు చేతిలోని చాయ్ గ్లాసు నోటిదాకా వెళ్లకుండానే ఆగిపోయింది. పొద్దుటి నుంచి ఇదే మాట అడిగిన మూడో మనిషి ఆమె.

“మే ఒకటిన దిగిపోత అని గేట్ మీటింగ్‌ల మైకు పట్టుకొని చెప్పిన గద. మళ్ల పక్కా ఏంది?”

“ఊకెనే అడిగిన,” అంటూ ఆమె ల్యాంప్ రూంలోకి వెళ్లిపోయింది. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇచ్చే డ్యూటీ ఆమెది. యూనియన్‌లో సహాయ కార్యదర్శి కూడా.

గోదావరిఖనిలో ఆ బొగ్గుగని కార్మికుల యూనియన్‌కు వామనరావు ఇరవై రెండేళ్లుగా అధ్యక్షుడు. దిగిపోతానని ఆర్నెల్ల ముందే ప్రకటించాడు. చెప్పకుండా పోతే వెనక కొట్లాటలు లేస్తాయి, ముందే చెబితే వచ్చేవాళ్లు పని నేర్చుకుంటారు అని ఆయన లెక్క. తీరా చెప్పాక జనం తీరే మారింది. సస్పెండైన కార్మికుడి కోసం ఫోన్ చేస్తే ఆఫీసర్లు “చూస్తం సార్” అంటున్నారు, చూడటం లేదు. సాయంత్రమైతే కిటకిటలాడే యూనియన్ ఆఫీసులో ఇప్పుడు ఆయనా, ఫ్యానూ మిగులుతున్నారు.

“ముందే చెప్పుడే తప్పయింది. పోయేటోని మాట ఎవలింటరు?” అన్నాడు భార్యతో.

పద్మావతమ్మ బియ్యం ఏరుతూ తలెత్తలేదు. “మనూరు మంథనికి సామాన్లు సర్దాల్నా, ఆగాల్నా? అది చెప్పండి ముందు.”

“నువ్వు గూడ తొందర పెడుతున్నవా?”



ఏప్రిల్ నడుమ నుంచి జమున కాగితాల కట్ట పట్టుకొని క్వార్టర్ల వెంట తిరగడం మొదలుపెట్టింది. ఈయన ఎదురైతే కట్ట చున్నీ కింద దాచేది. గేటు దగ్గర చాయ్ అమ్మే లింగవ్వను ఆపి అడిగాడు.

“ఏం సంతకాలు అవ్వా అవి?”

“నాకేమెరుక సారూ. అందరికీ మంచిదే అన్నరు. నేను గూడ ఏలుముద్ర ఏసిన,” అని నవ్వింది లింగవ్వ.

ఆ నవ్వు ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. సందేహం లేదు, అవిశ్వాసమే. పది రోజుల్లో తనంతట తాను పోయేవాణ్ని మెడపట్టి గెంటాలని చూస్తున్నారు. కుర్చీ కోసం ఏనాడూ పాకులాడని తనకా ఈ మర్యాద?

మే డే రానే వచ్చింది. మైదానం నిండా జెండాలు. వేదిక వెనక జమున ఆ కట్టతో కనిపించగానే వామనరావు ఆగలేకపోయాడు.

“దా ఇటు. నన్ను దించుడానికి ఎంతమంది సంతకాలు చేసిండ్రో చూస్త.”

“అట్ల కాదు కాకా, స్టేజీ మీద అందరి ముందట ఇద్దామనుకున్నం...”

ఆయన లాక్కున్నాడు. పైన అంటించిన కవరు, కింద పేజీలకు పేజీలు సంతకాలు. రెండు వేలకు తక్కువుండవు. గబగబా తిప్పుతూ పోయాడు. మూడో పేజీలో వేళ్లు ఆగాయి. గుండ్రటి అక్షరాలు, ముప్ఫై ఐదేళ్లుగా ఎరిగిన చేతిరాత: పద్మావతమ్మ.

కట్టుకున్న మనిషి తనకు వ్యతిరేకంగా సంతకం పెడుతుందా? పెట్టదు. అంటే ఇది గెంటివేత కాదు. ఉండిపొమ్మని వేడుకోలు! ఇన్నాళ్లూ ఎంతమందిని అనుమానించాడు! వామనరావుకు కళ్లు చెమర్చాయి.

“కాకా, ముందుగాల కవరు ఇప్పి చూడుండ్రి,” అంటోంది జమున. ఆయన అప్పటికే వేదిక మెట్లెక్కేశాడు.

“తమ్ముళ్లారా, చెల్లెండ్లారా! మీ మనసుల మాట నాకు తెలిసింది. ఇంత ప్రేమను కాదని నేనెట్ల పోత? పోతలేను. ఇంకో రెండేండ్లు మీతోనే ఉంట!”

చప్పట్ల కోసం ఆగాడు. జెండాలు గాలికి టపటపలాడాయి. అంతే. ఆనందంతో గొంతులు పూడుకుపోయి ఉంటాయనుకున్నాడు. వాళ్ల మాటలు వాళ్లకే వినిపించాలని కవరు చించి, మైకు నోటికి దగ్గరగా జరుపుకొని పైకి చదివాడు:

“కాకా, ఈ నాలుగోసారన్నా చెప్పిన తారీఖుకు దిగిపోండ్రి.”