వావిలాకు పొడి కలిపిన గాదె

జొన్నల గాదె మీద ఒక బల్లి ఉండేది. పగుళ్లలోంచి బయటికొచ్చే ముక్కుపురుగులే దాని తిండి. దాన్ని చూడగానే అవి చెదిరిపోయేవి. అయినా లోపల అవి గింజలు కొరుకుతున్న చప్పుడు వింటూ నిద్రపోవడం బల్లికి అలవాటు.

ఒకనాడు ఇంటావిడ ఎండిన వావిలాకు దంచి, ఆ పొడిని జొన్నల్లో కలిపింది. ఆ ఘాటుకు కొన్ని పురుగులు చచ్చాయి, మిగతావి పారిపోయాయి. పెరట్లో ఈగలు దొరుకుతుండటంతో బల్లికి ఆకలి బాధ లేదు. కానీ గాదెలో చప్పుడు లేదు. బల్లికి నిద్ర పట్టలేదు.

ఒక ఉదయం పగులులోంచి చిన్న పురుగు తల బయటపెట్టింది. అప్పుడే గింజ తొలుచుకుని పుట్టినట్టుంది.

"మావాళ్లేరీ?" అని అడిగింది.

"వెళ్లిపోయారు," అంది బల్లి.

"నాకు ఊపిరాడటం లేదు. బయటికి దారి చూపిస్తావా?"

"కాసేపు కబుర్లు చెప్పి వెళ్లకూడదూ?"

"ఉంటే చచ్చిపోతాను."

బల్లి కిటికీ దాకా ముందు నడిచింది. పురుగు భయం లేకుండా దాని తోక వెంటే పాకింది. ఒక పురుగు బల్లికి అంత దగ్గరగా నడవడం అదే మొదలు.

కిటికీ దగ్గర పురుగు రెక్కలు విప్పి, "ఎంత మంచిదానివి! మావాళ్లు కలిస్తే నీ గురించి చెబుతాను," అంది.

"వద్దమ్మా, చెప్పకు," అంది బల్లి. "చెబితే, నేనెవరో వాళ్లు నీకు చెప్పేస్తారు."